నొప్పులక్క వేసిన రెండు మార్కులు

నొప్పులక్కకి నొప్పులేవీ లేవు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, లేకపోతే పేరు చూసి జాలిపడే ప్రమాదముంది. మనిషి గట్టిది. రోజంతా కుట్టుమిషను తొక్కినా నడుం పట్టేసిందని ఒక్కనాడు అనదు. కానీ ఏడాదికోసారి మెడికల్ కాలేజీ వాళ్ళు కబురుపెడితే వెళ్ళి, వాళ్ళు చూపించిన కుర్చీలో కూర్చుని, లేని నొప్పినీ, రాని రోగాన్నీ, నిక్షేపంలా ఉన్న మొగుడి ఆపరేషన్నీ తలుచుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపు చూసి కాలేజీ పిల్లలు పెట్టిన పేరది. వీధిలో వాళ్ళకీ అదే నోటికి పట్టింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఆసుపత్రి వెనక వీధిలో ఆవిడ కొట్టు. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బిగుతైన నడుములు వదులు చేస్తుంది, పాడైన జిప్పులు మారుస్తుంది. ఆసుపత్రికీ కాలేజీకీ కర్టెన్లు కూడా ఆవిడే కుడుతుంది. ఒకరోజు కర్టెన్లు ఇవ్వడానికి వెళ్ళి, వార్డు వరండాలో ఆయాతో అత్తగారు బాత్రూంలో జారిపడిన వైనం చెబుతోంది. చెప్పడమంటే ఉత్తినే చెప్పడం కాదు, అత్తగారి మూలుగూ తన కంగారూ మొగుడి వెర్రిమొహం అన్నీ తనే నటించి చూపిస్తోంది. అటుగా పోతున్న అడ్మిషన్ల మేడమ్ నిలబడిపోయింది.

"అయ్యో, ఇప్పుడెలా ఉన్నారు మీ అత్తగారు?" అని అడిగింది.

"దివ్యంగా ఉందండీ. నన్ను తిడుతోంది."

"మా దగ్గర ఏడుస్తారా?" అంది మేడమ్.

అలా మొదలైంది ఆ కొలువు. అత్తగారు విని బుగ్గలు నొక్కుకుంది. "నాకు నిజం నొప్పి వస్తే మందు రాసే తీరిక లేదు గానీ, ఊళ్ళో లేని నొప్పికి నువ్వు ఆస్థాన విద్వాంసురాలివా?" అంది. అంది గానీ, వీధిలో నలుగురికీ మొదట చెప్పుకున్నదీ ఆవిడే.

సంగతేమిటంటే, ఆ కాలేజీలో చేరాలనుకునే పిల్లలు ముందు ప్రవేశ పరీక్ష రాస్తారు. అందులో ఒక గీత దాటినవాళ్ళని ఇంటర్వ్యూకి పిలుస్తారు. వరండా పొడుగునా గదులు. ఒక్కో గదిలో నొప్పులక్కలాంటి ఉత్తుత్తి రోగో, రోగి తాలూకు మనిషో ఒకరు, మూల కుర్చీలో కూర్చుని గమనించే డాక్టరు ఒకరు. పిల్లలు మెడలో నంబరు బిళ్ళ వేసుకుని గది తర్వాత గది తిరుగుతారు. పేరు చెప్పకూడదు. ఎక్కణ్ణుంచి వచ్చారో చెప్పకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, పరీక్షలో ఎంత వచ్చిందో ఆ గదుల్లో ఎవరికీ తెలియకూడదు.

మొదటి ఏడాది నొప్పులక్కకి ఇది అన్యాయంగా తోచింది. "రాత్రింబవళ్ళు కూర్చుని చదివారు కదా మేడమ్, ఆ కష్టాన్ని దాచేస్తే ఎలా?" అని అడిగింది.

"దాచెయ్యం. గుమ్మం దాటించేది అదేగా. చదువే రానివాడు మొదటి ఏడాది పుస్తకాలు మొయ్యలేడు. చివర్లో మళ్ళీ చూస్తాం కూడా. కాకపోతే బుట్టలుగా చూస్తాం. దగ్గర దగ్గరగా వచ్చినవాళ్ళంతా ఒకే బుట్ట. ఒక మార్కు ఎక్కువొచ్చిందని ఒకణ్ణి నెత్తిన పెట్టుకోం, ఒకటి తగ్గిందని ఇంకొకణ్ణి తోసెయ్యం. అదే పరీక్ష మళ్ళీ పెడితే ఆ మార్కు అటూ ఇటూ అవ్వదూ?"

ఇది నొప్పులక్కకి చటుక్కున అర్థమైంది. టేపు ఒకటే, మనిషీ ఒకడే, అయినా భోజనానికి ముందు నడుం కొలతా తర్వాత నడుం కొలతా ఒకటి కావు. ఆ కాస్త తేడా పట్టుకుని ప్యాంటు కోసేస్తే కొట్టు మూసుకోవాల్సిందే.

"మరి మధ్యలో మాకెందుకు చెప్పరు?"

"స్కోరు చెవిన పడ్డాక కళ్ళు సొంతంగా చూడవమ్మా" అంది మేడమ్.

నొప్పులక్క తలూపింది. ఇది మాత్రం అర్థం కాలేదు. అయినట్టు ఊపిందంతే. అర్థం కావడానికి ఈ ఏడు దాకా పట్టింది.

ఈ ఏడు ఆవిడకిచ్చిన వేషం ఇది. భర్తకి మర్నాడు ఆపరేషను. బతకడం కష్టమేనని డాక్టర్లు ఆమెకి చెప్పారు, అతనికి చెప్పలేదు. వార్డు బయట కూర్చుని ఉంది. ఆసుపత్రిలో సాయంగా తిరిగే మనిషిగా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చోవాలి. వైద్యం మాట్లాడక్కర్లేదు. వాళ్ళు వెళ్ళాక నొప్పులక్క చేతిలోని కాగితం ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది: మీకు నిజంగా భయం వేసిన రోజున ఈ మనిషి పక్కన కూర్చోవాలనిపిస్తుందా? పదికి ఎంత?

మూల కుర్చీలో ఆ రోజు పెద్ద డాక్టరు. ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైనా పిలిస్తే వస్తాడు. సగం ఊరికి ఆయన చేతి చలవ తెలుసు. నోటి వదులు మాత్రం నర్సులకే తెలుసు. కడుపులో ఒక్క మాట దాగదు పాపం.

పొద్దుటి నుంచి పిల్లలు వస్తూనే ఉన్నారు, నొప్పులక్క ఏడుస్తూనే ఉంది. ఒకడు ఆవిడకంటే ముందు తనే ఏడ్చాడు. ఒకమ్మాయి ధైర్యంగా ఉండమని చెప్పి చెప్పి ప్రాణం విసిగించింది. ఇక ఇద్దరే మిగిలారు. టీ తాగడానికి బయటికి వెళ్ళిన పెద్ద డాక్టరు లోపలికి వస్తూ, ఏదో మిఠాయి పొట్లం తెచ్చిన వాడిలా నవ్వుతూ అన్నాడు.

"ఇదిగో అమ్మా, ఈసారి కాస్త సర్దుకుని కూర్చో. ఇప్పుడొచ్చే కుర్రాడు పరీక్షలో అందరికంటే పైన ఉన్నవాడు. ఆఫీసులో బల్ల మీద వంతుల కాగితంలో చూశాను. ఆ తర్వాత పిల్ల, పాపం, గీత మీద వేలాడుతోంది. మొదటివాడూ చివరిదీ వరసగా మన గదికే! ఎవరితో అనకేం."

నొప్పులక్క చెవులు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. మనిషే కదా.

కుర్రాడు వచ్చాడు. నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ప్యాంటు కింద మడత విప్పి పొడుగు చేసినట్టున్నారు, పాత మడత చార తెల్లగా కనబడుతోంది. తెలివైనవాళ్ళకి బట్టల మీద ధ్యాసెక్కడుంటుంది అనుకుంది నొప్పులక్క. ఆవిడ తన గోడు వెళ్ళబోసుకుంది. అతను ఒకటి రెండు మాటలు తప్ప మాట్లాడలేదు. ఆవిడ ఏడుస్తుంటే నేల చూస్తూ కూర్చున్నాడు. గంట మోగింది, లేచి వెళ్ళిపోయాడు. నిండుకుండ తొణకదంటే ఇదే, ఎంత ఓర్పు, ఎంత లోతు అనుకుంటూ తొమ్మిది వేసింది.

అమ్మాయి వచ్చింది. నలగని ఇస్త్రీ బట్టలు, మెడ దాకా పెట్టిన గుండీలు. మార్కుల్లేనప్పుడు ముస్తాబైనా ఉండాలిగా మరి. ఆవిడ మళ్ళీ అదే గోడు వెళ్ళబోసుకుంది. అమ్మాయి ఒకటి రెండు మాటలు తప్ప మాట్లాడలేదు. ఏడుస్తుంటే తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. గంట మోగింది, లేచి వెళ్ళిపోయింది. పాపం, మాట రాని పిల్ల, గీత మీదుందంటే ఉండదూ అనుకుంటూ నాలుగు వేసింది.

కాగితాలు మడిచి పెట్టెలో వేసి, ముఖం కడుక్కుని, రోజూ కంటే హుషారుగానే ఇంటికి వెళ్ళింది.

సాయంత్రం అత్తగారు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నొప్పులక్క ఎదురుగా నేల మీద కూర్చుని ఎవరిదో ప్యాంటు కుట్లు విప్పుతోంది. మొగుడు, సిటీ బస్సు డ్రైవరు, డ్యూటీ దిగి వచ్చి బనీనుతో గుమ్మంలో గాలి పీలుస్తున్నాడు.

"ఇవాళ బాగా ఏడిచావా?" అంది అత్తగారు.

"బాగానే ఏడిచాను అత్తయ్యా. చివర్లో ఒక కుర్రాడొచ్చాడు, ఎంత ఓర్పనుకున్నారు! నోరెత్తకుండా అలా కూర్చున్నాడు. అలాంటివాడు డాక్టరైతే సగం రోగం చూపుతోనే పోతుంది. ఆ తర్వాత ఒకమ్మాయి వచ్చింది. పాపం, మాటే రాదు. బొమ్మలా కూర్చుంది."

అత్తగారు చేతిలో కాయ ఆపింది. "ఇద్దరూ మాట్లాడలేదన్నమాట."

"మాట్లాడకపోవడంలో తేడా ఉంటుందిలెండి. నిండుకుండ తొణకదు."

"ఖాళీ కుండ కూడా తొణకదే అమ్మాయ్. నీళ్ళుంటేగా తొణకడానికి? చెయ్యి పెట్టి చూశావా, ఎవరైనా చెప్పారా?"

ఆవిడ మామూలు వేళాకోళంగానే అంది. కానీ నొప్పులక్క చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇద్దరినీ మళ్ళీ కళ్ళముందు కూర్చోబెట్టుకుంది. అదే కుర్చీ, అదే మౌనం, అలాగే వంచిన తల. ఒకడు నేల చూశాడు, ఒకతె చేతులు చూసుకుంది. నేలకి తొమ్మిదీ చేతులకి నాలుగూ వేసిందా? పెద్ద డాక్టరు ఆ మాట అనకపోతే ఎంత వేసేది? ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ మాట లేని గది ఆవిడకి గుర్తు రావడం లేదు.

చెప్పేసింది, మొత్తం. చెప్పకూడని సంగతి అయినా ఆగలేకపోయింది.

"అయితే ఇప్పుడేంటి?" అన్నాడు మొగుడు. "వేసిన మార్కు వేసేశావు. ఊరుకున్నంత ఉత్తమం లేదు. నువ్వెళ్ళి చెబితే ఆ ముసలాయన పరువు పోతుంది. నిన్ను మళ్ళీ పిలవరు. పైగా మొత్తం ఇంటర్వ్యూలు రద్దు చేశారనుకో, అంతమంది పిల్లలు నిన్నే తిట్టుకుంటారు."

"రేపు మధ్యాహ్నం జాబితా పెట్టేస్తారండీ. ఆ పిల్లకి సీటు పోతే?"

"నీ ఒక్క నాలుగుతోనే పోతుందా?"

"పోదని ఎవరు చెప్పగలరు?"

మొగుడు బనీను దులుపుకుని లోపలికి వెళ్ళాడు. అత్తగారు మాత్రం, "నిన్ను మళ్ళీ పిలవకపోతే ఏం? ఇంట్లో ఏడుద్దువుగాని" అంది. ఆ రాత్రి నొప్పులక్క దొర్లుతూనే ఉంది. ఆ కొలువు ఆవిడకెంత ఇష్టమో ఎవరికీ చెప్పుకోలేదు. ఏడాదంతా జనం నడుములు కొలిచే మనిషిని, ఏడాదికో రోజు చదువుకున్నవాళ్ళు నీకేమనిపించిందని అడుగుతారు. అలా ఇంకెవరూ అడగరు.

పొద్దున్నే వెళ్ళేసరికి వరండాలో పెద్ద డాక్టరే ఎదురయ్యాడు. ముందు ఆయనకే చెప్పింది. ఆయన ముఖం దొంగకి తేలు కుట్టినట్టయింది.

"అదేంటమ్మా, నేనేదో మాటవరసకి అన్నాను. దానికీ మార్కులకీ సంబంధమేముంది? నేనూ ఆ కుర్రాడికి ఎక్కువే వేశాను, కానీ స్కోరు విని కాదు. ఆ కళ్ళలో తెలివి చూశావా? దీపాల్లా వెలగడం లేదూ?"

నొప్పులక్క మేడమ్ గదిలోకి నడిచింది. ఉండబట్టలేక ఆయనా వెనకే వచ్చాడు.

మేడమ్ అంతా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. దాంతో నొప్పులక్కకి ఇంకా భయం వేసింది. చివరికి డాక్టరువైపు తిరిగి, "మీరు పైన ఉన్నాడని చెప్పింది ఎవరి గురించి?" అంది.

"అదే, చివరినించి రెండోవాడు. ఆ కుర్రాడు."

"కుర్రాడా?" మేడమ్ కనుబొమలు ముడిపడ్డాయి. "దారిలో బస్సు చెడిపోయి అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. ఇద్దరి వంతులూ అటూ ఇటూ మార్చాం. బల్ల మీది కాగితంలో ఉన్నది పాత వరస. పైన ఉన్నది అమ్మాయి డాక్టరు గారూ. గీత మీదున్నవాడు ఆ కుర్రాడు." అనేసి, చెప్పకూడనిది తనూ చెప్పేసినందుకు నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

దీపాల్లాంటి కళ్ళ గురించి పెద్ద డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నొప్పులక్కకి మాత్రం ఆ పాత మడత చార గుర్తొచ్చి తల కొట్టుకోవాలనిపించింది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ప్యాంటునే కిందికి దించి పంపారు వాడికి. జీవితమంతా మడతలు విప్పి కుట్టిన మనిషి, దాన్ని కళ్ళారా చూసి కూడా మేధావి లక్షణమనుకుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని ఊరికే అనలేదు.

"సరే, జరిగిందేదో జరిగింది" అంది మేడమ్, గొంతు సర్దుకుని. "ఇప్పుడు చెప్పండి. స్కోరు సంగతి పక్కన పెట్టి, ఆ అమ్మాయికి నిజంగా ఎంత వెయ్యాలి?"

"ఆ అమ్మాయికా? పాపం మేడమ్, ఆ కూర్చోవడంలోనే ఒక నిబ్బరం ఉంది. చేతులు అలా పెట్టుకుని, నేను చెప్పేది ఒక్క ముక్క పోనివ్వకుండా..."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నిన్న సాయంత్రం బొమ్మలా కూర్చుందన్నదీ ఇదే నోరు. పైన ఉన్నది అమ్మాయేనని తెలిసి ఎంతసేపైంది? ఇంతలోనే ఆ మౌనానికి లోతు వచ్చేసింది. అటు ఆ కుర్రాడి మౌనం అడుగు కనబడేంత పల్చనైపోయింది. ఆవిడ చూస్తుండగానే రెండు కుండల్లో నీళ్ళు అటూ ఇటూ మారిపోయాయి. స్కోరు చెవిన పడ్డాక కళ్ళు సొంతంగా చూడవని మేడమ్ ఏనాడో చెప్పిన మాట ఇప్పుడర్థమైంది.

"నాకు తెలీదు మేడమ్" అంది. "ఇక నేను వాళ్ళిద్దరికీ మార్కు వెయ్యలేను. తొమ్మిదీ వద్దు, నాలుగూ వద్దు. నా మార్కు తీసెయ్యండి."

పెద్ద డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని, "నాదీ" అన్నాడు మెల్లగా.

జాబితా మధ్యాహ్నం పెట్టలేదు. ఆ ఇద్దరినీ మర్నాడు పొద్దున మళ్ళీ రమ్మని కబురు వెళ్ళింది. గది వేరు, ఏడ్చే మనిషి వేరు, మూల కుర్చీలో డాక్టరూ వేరు. ఎందుకు పిలుస్తున్నారో వాళ్ళకి చెప్పరు. చెబితే అది ఇంకో తప్పవుతుంది. మేడమ్ నొప్పులక్కని పంపిస్తూ, "రేపు వాళ్ళు ఎదురుపడినా ఒక్క మాట మాట్లాడకండి. మంచి మాటైనా సరే. మీ సంగతి తర్వాత చూద్దాం" అంది.

మీ సంగతి అంటే ఏమిటో అడిగే ధైర్యం నొప్పులక్కకి లేకపోయింది.

మర్నాడు ఇంట్లో ఉండలేకపోయింది. వరండా కిటికీలకి కర్టెన్లు ఎలాగూ ఇవ్వాలి. సంచీలో పెట్టుకుని వెళ్ళి, స్టూలెక్కి ఒక్కొక్క రింగూ కడ్డీకి ఎక్కించసాగింది. మామూలుగా అయితే ఎంతలో అయ్యే పనో, ఆ రోజు మాత్రం తెమలదు. కుర్రాడు ముందే వచ్చాడు. అదే ప్యాంటు. ఆవిడని చూసి తలవంచి నమస్కారం పెట్టాడు, గదిలోకి వెళ్ళాడు, బయటికొచ్చి వెళ్ళిపోయాడు. ముఖంలో ఏమీ తెలియలేదు. తెలిసినట్టనిపించినా ఇప్పుడు నమ్మేది కాదు.

తర్వాత అమ్మాయి వచ్చింది. ఇవాళ ఇస్త్రీ లేదు. మొన్న రాసుకున్న కాటుక పోయి కళ్ళు వాచి ఉన్నాయి. వరండా అంతా చూసి, స్టూలు దగ్గరికి వచ్చి, పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"ఆంటీ, మొన్న నేనేమైనా తప్పు చేశానా?"

నొప్పులక్క స్టూలు దిగింది. చేతిలో రింగు పట్టుకునే నిలబడింది.

"అందరికీ అయిపోయిందట. మమ్మల్నిద్దర్నే మళ్ళీ పిలిచారు. అమ్మ రాత్రంతా పడుకోలేదు. కాపీ కొట్టానని ఎవరైనా చెప్పారేమోనంటోంది. మీకేమైనా తెలుసా ఆంటీ?"

తెలుసు. అంతా తెలుసు. తప్పు నాదే తల్లీ అని ఒక్క మాటంటే ఆ పిల్ల గుండె కుదుటపడుతుంది. కానీ ఆ ఒక్క మాటతో గదిలోకి వెళ్ళే మనిషి మారిపోతుంది. ఇప్పుడే బయటికి వెళ్ళిన కుర్రాడికి ఆ మాట ఎవరు చెప్పారు? ముందు నుయ్యి వెనక గొయ్యి. నొప్పులక్క పక్క కుర్చీలో కూర్చుని చేతిలోని రింగు చూసుకుంటూ ఉండిపోయింది. అమ్మాయి మోకాళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు ఈవిడ కుర్చీకీ తెలుస్తోంది.

అమ్మాయే మళ్ళీ అంది.

"మొన్న మీరేడుస్తుంటే నాకేం మాట్లాడాలో తెలీలేదాంటీ. ఏమన్నా తప్పవుతుందేమోనని ఊరుకున్నాను. లోపల మాత్రం చాలా బాధేసింది. ఉత్తుత్తిదని తెలుసు, అయినా వేసింది. అది మీకు తెలిసిందో లేదోనని అప్పట్నించీ ఒకటే గాబరా."

నొప్పులక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చెప్పకుండా, ఏ కాగితంలోనూ రాయకుండా తిరిగాయి. తెలియలేదు తల్లీ, తెలుసుకోవాలని కూడా నేను చూడలేదు అని అరవాలనిపించింది. తలుపు తెరిచి నంబరు పిలిచారు. అమ్మాయి లేచి, చెంపలు తుడుచుకుని, లోపలికి వెళ్ళింది. అప్పుడు చూసుకుంది నొప్పులక్క. వరండాలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. భయం వేసిన రోజున ఆ పిల్ల వెతుక్కుని వచ్చి కూర్చున్నది తన పక్కన.

సాయంత్రం జాబితా పెట్టారు. బిళ్ళ నంబర్లు రెండూ నొప్పులక్కకి కంఠతా వచ్చు. జనంలోంచి దూరి చూసింది. కుర్రాడి నంబరు సీటు వచ్చినవాళ్ళలో ఉంది. అమ్మాయి నంబరు అక్కడ లేదు. కింద, ఎవరైనా సీటు వదులుకుంటే పిలిచేవాళ్ళ వరసలో, మొట్టమొదట ఉంది.

వెనక నుంచి మేడమ్ వచ్చి నిలబడింది. "ఏటా ఎవరో ఒకరు వదులుకుంటారమ్మా" అంది నెమ్మదిగా. వెళ్ళబోతూ, "వచ్చే ఏడు మళ్ళీ రండి. వస్తారుగా?" అంది.

నొప్పులక్క తలూపింది. రెండు రోజులుగా ప్రాణం కొట్టుకున్నది ఆ మాట కోసమే. తీరా వింటే సంతోషం మాట అటుంచి, ఒళ్ళు బరువెక్కింది.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మంచం మీదే ఉంది. "ఏమైందే?" అంది. చెప్పింది.

"మరి కుర్రాడికి వచ్చిందిగా. గదీ మార్చారు, మనుషుల్నీ మార్చారు. ఇక న్యాయమేగా?"

"గదిలో న్యాయమే అత్తయ్యా. వాడికి రావడమూ న్యాయమేనేమో. కానీ ఆ పిల్ల వణుక్కుంటూ లోపలికి వెళ్ళింది. మొన్న అలా లేదు. ఆ వణుకు నేను పెట్టింది. దానికి మార్కు ఎవరు కలుపుతారు?"

ఇలాంటి మాటకి అత్తగారు ఎప్పుడైనా పది మాటలు తిప్పికొడుతుంది. నొప్పులక్క కాచుకుని నిలబడింది. ఈసారి ఆవిడ ఒళ్ళోని చేట తీసి పక్కన పెట్టి, కాళ్ళు ముడుచుకుని గోడవైపు జరిగింది. మంచం మీద ఒక మనిషికి చోటయింది.

నొప్పులక్క వెళ్ళి కూర్చుంది.